తల లేని రూపాయి

ఆయన పోయాడని మొన్న ఫోను వచ్చింది. తొంభై దాకా బతికాడు. చివరి వరకు పళ్ళు కూడా సొంతవేనట. ఫోను చేసినాయన గొంతు తడిగా ఉంది కాబట్టి నేనూ "అయ్యో" అన్నాను.

సంస్మరణ సభ మాదాపూర్‌లో, అద్దాల మేడల మధ్య ఒక ఏసీ హాల్లో పెట్టారు. మా రోజుల్లో అక్కడ బండరాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావు. వేదిక మీద దండ వేసిన ఫొటో, దాని పక్కన గాజు పెట్టెలో ఎర్రగుడ్డ మీద ఒక వెండి నాణెం. కింద చీటీ: 'ఒక విప్లవ ప్రభుత్వపు నాణెం. ఆయన జీవితాంతం గుండెల్లో దాచుకున్నది.' నాకు తెలిసి ఆయన దాన్ని దాచుకున్నది కళ్ళజోడు డబ్బాలో. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

పాత సహోద్యోగిని కదా, రెండు మాటలు మాట్లాడమన్నారు. గొంతు బాగాలేదని చెప్పాను. గొంతు భేషుగ్గా ఉంది. సమోసా తిని, టీ తాగి, ప్రగతి నగర్‌లో ఇంటికి వచ్చాక కూడా ఆ రెండు మాటలు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఇక్కడ రాసేస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. రాస్తే అదో మర్యాద అవుతుంది.

జీడిమెట్లలో అప్పుడప్పుడే షెడ్లు లేస్తున్న కాలం. ఎమర్జెన్సీకి ముందు మాట. డబ్బా మూతలు కొట్టే ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాను, ఆయన టైమాఫీసు గుమాస్తా. ఇద్దరిదీ గుంటూరు వైపే. ఆ ఒక్క కారణానికి ఆయన నన్ను 'గురువుగారూ' అనేవాడు. మిగతా అందరినీ 'సోదరా' అనేవాడు. చాలాకాలం అది ప్రేమ అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయనకు ఒక్కడి పేరూ గుర్తుండదు. రోజూ పొద్దున్నే నూట ఇరవైమంది హాజరు వేసే మనిషి! నంబర్లు చూసి టిక్కులు పెట్టేవాడు, మొహాలు చూసి సోదరా అనేవాడు.

మనిషి చూడ్డానికి బాగుండేవాడు. అది ఒప్పుకోవాలి. వెనక్కి దువ్విన ఉంగరాల జుట్టు, ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి నెత్తి మీదుగా ఎక్కడో దూరాన ఉన్న శ్రోతల వైపు చూపు. ప్రతి మాటకూ ముందు 'చారిత్రకంగా చూస్తే' అని తగిలించేవాడు. క్యాంటీన్‌లో ఉప్మా మాడిందంటే, "చారిత్రకంగా చూస్తే ఉప్మా అన్నది పాలకవర్గాల వంటకమండీ" అని రెండో ప్లేటు పెట్టించుకునేవాడు. వాన పడితే చరిత్ర, బస్సు రాకపోతే చరిత్ర. ఒకసారి ఆయన సైకిలు గొలుసు ఊడితే పక్కన నిలబడి దాని చరిత్ర చెప్పాడు గాని చేతికి నూనె అంటించుకోలేదు. గొలుసు ఎక్కించింది మూతలు కొట్టే ప్రెస్సు మిషను మీద పనిచేసే పెంటయ్య. "థాంక్స్ సోదరా" అని ఎక్కి పోయాడు.

ఇక నాణెం. రూపాయికంటే పెద్దది, బరువైనది. ఎక్కడో సముద్రాల అవతల ఒక రేవుపట్టణంలో జనం రాజు మీద తిరగబడి, కోట తలుపులు మూసుకుని, కొద్ది నెలలు తమను తామే ఏలుకున్నారట. బయట రాజు సైన్యం ముట్టడి. లోపల తిండికి కటకట. అంత ఇబ్బందిలోనూ వాళ్ళు సొంతంగా వెండి నాణేలు కొట్టారట. "రెండు పక్కలా చూడండి. రాజు తల లేదు. అక్షరాలే!" అని తిప్పి చూపించేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగేవి. ఆ నీళ్ళు అబద్ధమని నేను అనను. కొందరికి అవి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి.

కుర్రాళ్ళు దానికి తల లేని రూపాయి అని పేరు పెట్టారు. అది ఆయన చేతికి ఎలా వచ్చిందో నేను మూడు రకాలుగా విన్నాను. కాకినాడ రేవులో ఒక ముసలి నావికుడు చచ్చిపోతూ ఇచ్చాడు. బొంబాయిలో ఒక అజ్ఞాత నాయకుడు కౌగిలించుకుని జేబులో వేశాడు. మూడోది జైలు కథ. ఆ జైలు ఏ ఊళ్ళోదో అడిగితే, "ఇప్పుడది చెప్పే సమయం కాదండీ" అన్నాడు. నాణెం పైఅంచున ఒక నొక్కు ఉండేది. అది తూటా గీసుకుపోయిన గుర్తట. దాన్ని వేలితో తడమబోతే మాత్రం చప్పున లాక్కునేవాడు. చెమట తగిలితే వెండి నల్లబడుతుందని ఎప్పుడూ చేతిరుమాల్లోనే పట్టుకునేవాడు.

ఇంతవరకే అయితే ఆయన మామూలు కోతలరాయుడు. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసుకూ ఒకరుంటారు, కాలక్షేపానికి పనికొస్తారు. ఆయన గురించి ఇంత విషం కక్కుతున్నది వేరే దానికి.

సాయిలు అని గాజులరామారం కుర్రాడు. పెళ్ళయి ఆరు నెలలు. ఒక మధ్యాహ్నం ప్రెస్సు కింద అతని కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. చెయ్యి లోపలికి పోకుండా ప్రెస్సుకు ముందు ఒక ఇనుప జాలీ బిగించి ఉండాలి. మా ఫ్యాక్టరీలో పన్నెండు ప్రెస్సులుంటే ఒక్కదానికీ లేదు. ఉంటే పని మెల్లగా సాగుతుందని తీసేయించారు. ఆ జాలీలు నా స్టోర్సులోనే మూలన పడి ఉండేవి. వాటికి రసీదు రాసి లోపల పెట్టినవాణ్ణి నేనే.

సాయిలును రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది పెంటయ్య. పక్క ప్రెస్సు మీదే ఉన్నాడు కాబట్టి అంతా కళ్ళారా చూశాడు. తిరిగి వచ్చి చొక్కాకు అంటిన రక్తంతోనే గేటు దగ్గర నిలబడి, "ఇగ జాలీలు బిగిచ్చేదాక నేను మిషను ముట్టను" అన్నాడు. అంతే. కేక లేదు, ఉపన్యాసం లేదు. అతని వెనక పదిమంది నిలబడ్డారు, తర్వాత యాభైమంది.

ఉపన్యాసం చెయ్యడానికి మావాడు ఉండనే ఉన్నాడు. టీ బండి టార్పాలిన్ కింద స్టూలెక్కి గంటసేపు రేవుపట్టణం కథ చెప్పాడు. అందరి ఒళ్ళూ జలదరించింది. నాక్కూడా. దిగుతూ కళ్ళజోడు డబ్బా తీసి, "ఈ నాణెం సాక్షిగా ప్రమాణం చెయ్యండి సోదరులారా!" అన్నాడు.

మా వాళ్ళకు ప్రమాణమంటే ఉత్తచేత్తో చేసేది కాదు. పెంటయ్య ఒక డబ్బా మూత తెచ్చి, దాని మీద తమలపాకు వేసి, నాణెం పెట్టించి, పసుపూ కుంకుమా బొట్టు పెట్టాడు. చెప్పులు విడిచి ఒక్కొక్కరూ వచ్చి నాణేన్ని అంటుకుని కళ్ళకద్దుకున్నారు. మాట ఒకటే: అన్ని ప్రెస్సులకూ జాలీలు బిగించేదాకా పనికి పోము. నేనూ చెప్పులు విడిచి అంటుకున్నాను. వెండి చల్లగా తగిలింది. ఆయన ఆ మూతను చేతిరుమాలు వేసుకుని పట్టుకున్నాడు. పసుపు చొక్కాకు అంటకుండా చేతులు బాగా ముందుకు చాచి పట్టుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

సమ్మె పద్దెనిమిది రోజులు నడిచింది. పద్దెనిమిదో రోజు ఆయన ఒక్కడే మేనేజరు గదిలోకి వెళ్ళి రెండు గంటల తర్వాత టైపు చేసిన కాగితంతో బయటికి వచ్చాడు. 'జాలీల విషయం యాజమాన్యం సానుభూతితో పరిశీలిస్తుంది' అని అందులో ఉంది. సాయిలు వైద్యం ఖర్చు గురించి ఒక వాక్యం. సోమవారం మొదటి సైరన్‌లోపు చేరనివాళ్ళ పేర్లు కొట్టేస్తారని మరో వాక్యం. "చారిత్రకంగా చూస్తే ఇది గెలుపేనండీ" అన్నాడు. నెల తిరక్కుండా ఆయన మా ఫ్యాక్టరీకి కార్మిక సంక్షేమ అధికారి అయ్యాడు. టైమాఫీసులో ఆయనకున్నది స్టూలు. అక్కడ చేతుల కుర్చీ, నెత్తిన ఫ్యాను. ఆ గదికి కిటికీ ప్రెస్సులున్న షెడ్డు వైపు లేదు.

ఆ కాగితం వచ్చిన మర్నాటి నుంచే జనం లోపలికి రావడం మొదలైంది. ఒట్టు భయం కొందరికి ఉంది. అందుకు వాళ్ళే ఒక విరుగుడు చేసుకున్నారు. ప్రెస్సు పాదం దగ్గర కొబ్బరికాయ కొట్టి, పసుపు నీళ్ళు చల్లి, ఒట్టు తీసి గట్టున పెట్టామని చెంపలేసుకుని స్విచ్చి వేశారు. నేను కాయ కూడా కొట్టలేదు. చదువుకున్నవాణ్ణి కదా! శుక్రవారం పొద్దున స్టోర్సు తాళం తీసి కూర్చున్నాను.

శనివారానికి రానిది పెంటయ్య ఒక్కడే. ఒట్టు తీయనిదే రాడట, జాతర మనిషి, మొండివాడు, అని క్యాంటీన్‌లో నవ్వుకున్నారు. నేను నవ్వలేకపోయాను. పెంటయ్యకున్న రెండెకరాలూ ఈ ఫ్యాక్టరీల ఎస్టేటు కిందే పోయాయి. ఆ భూమికి బదులుగా ఇచ్చిన ఉద్యోగమది. సోమవారం పేరు కొట్టేస్తే భూమీ లేదు, నౌకరీ లేదు. ఇద్దరు ఆడపిల్లలు. ఒట్టు వేయించిన మనిషి వచ్చి తీసేస్తే సరిపోతుంది కదా అనుకుని ఆదివారం సైకిలేసుకుని మదీనాగూడ పోయాను. అప్పట్లో అది బొంబాయి రోడ్డు పక్కన నాలుగైదు వీధులు. ఆయన అక్కడ ఒక పెంకుటింట్లో కిరాయికి ఉండేవాడు.

వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. సంగతి చెప్పాను.

"ఏ పెంటయ్యండీ?" అన్నాడు.

"సాయిల్ని దవాఖానకు తీసుకెళ్ళాడే, ఆ పెంటయ్య. మీ సైకిలు గొలుసు ఎక్కించాడు. మీరొకసారి వచ్చి ఆ ఒట్టు తీసేశానని చెప్తే రేపు పనికొస్తాడండీ. గంట పని."

పేపరు మడిచాడు. "ఇదేమి మూఢనమ్మకమండీ గురువుగారూ! పసుపూ కుంకుమా పూసింది వాళ్ళు. నేను వెళ్ళి ఒట్టు తీస్తున్నానంటే ఆ అజ్ఞానానికి నేనే ముద్ర వేసినట్టు. చారిత్రకంగా..."

"ప్రమాణం చేయించింది మీరు కదండీ?"

"చేయించాను. నేను చేశానా?" చెయ్యి పైకెత్తి చూపించాడు. "నేను దాన్ని ముట్టుకోనైనా లేదు. కావాలంటే గుర్తు తెచ్చుకోండి."

గుర్తు తెచ్చుకున్నాను. చేతిరుమాలు. మనిషి అంత ముందుచూపుతో చేశాడో, ఇస్త్రీ చొక్కా కోసం చేశాడో ఈనాటికీ తెలియదు. చొక్కా కోసమే అయి ఉంటుంది. అంత ముందుచూపు ఉండే బుర్ర కాదు. కాని దొరికిన సందును మాత్రం ఎంత చక్కగా వాడుకున్నాడో చూడండి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కి, అక్కడే ఉండిపోయింది. నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "పోనీ, నాణెం ఇవ్వండి. నేను తీసుకెళ్ళి చెప్తాను."

ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. "అదీ! మీరు చెప్తే వింటారండీ. మీకు వాళ్ళతో బాగా చనువు."

డబ్బా తెచ్చి ఇచ్చింది ఆయన భార్య. గుమ్మం దాకా వచ్చి, లోపలికి వినబడకుండా, "జాగ్రత్తండీ అన్నయ్యగారూ. అది మా అమ్మమ్మది" అంది.

"మీ అమ్మమ్మగారిదా?"

"మా తాత రంగూన్ రేవులో పనిచేసేటప్పుడు ఎవరో ఇచ్చారట. కొక్కెం పెట్టించుకుని అమ్మమ్మ మెళ్ళో వేసుకునేది. పెళ్ళికి నాకిచ్చారు. బాగుండదని ఈయనే ఆ కొక్కేన్ని ఆకురాయితో తీయించేశారు."

తూటా దెబ్బ అదన్నమాట. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. అసలది వెండి కూడా అయి ఉండదని, గిల్టుదై ఉంటుందని గట్టి నమ్మకం కుదిరింది. గిల్టుది కాకపోతే బాగుండదనిపించింది కూడా. కూకట్‌పల్లిలో వెండి బంగారం పనిచేసే ఒక అవుసులాయన కొట్టు ముందు సైకిలు ఆపాను. ఆయన అంచును గీటురాయి మీద రుద్ది, ఒక చుక్క మందు వేసి, కళ్ళు చికిలించి చూశాడు.

"మంచి వెండి సార్. మన సర్కారు పాత రూపాయి కన్న ఇదే నయం. ఏ రాజుది?"

"రాజుది కాదు" అన్నాను.

"గందుకే మోసం జెయ్యలే" అని నవ్వి తిరిగిచ్చాడు.

నాకు నవ్వు రాలేదు. ఆకలితో, ముట్టడిలో, రేపు ఉంటామో లేదో తెలియని మనుషులు కూడా వెండిలో కల్తీ కలపలేదు. వాళ్ళ నాణెం ఇన్ని సముద్రాలు దాటి వచ్చి చివరికి ఎవరి కళ్ళజోడు డబ్బాలో పడిందో తలచుకుంటూ సైకిలెక్కాను.

గాజులరామారంలో పెంటయ్య తన ఇంటి ముందు కూర్చుని రాళ్ళు కొట్టే సుత్తికి కొత్త కర్ర దిగేస్తున్నాడు. అప్పటికే క్వారీలో మాట్లాడుకున్నాడన్నమాట. నన్ను చూసి లేచి నులకమంచం వాల్చాడు. అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి, "మీరన్న జర చెప్పుండ్రి సార్. భూమి బాయె. ఇగ నౌకరి గూడ బోతే పిల్లలకేం బెట్టాలె?" అంది.

నేను డబ్బా తెరిచి నాణెం అతని ముందు పెట్టాను. "ఆయనే పంపాడు పెంటయ్యా. ఒట్టు తీసేశాడు. రేపు సైరన్‌లోపు వచ్చెయ్."

పెంటయ్య దాన్ని చూశాడు గాని ముట్టలేదు. "ఆయన తీస్తే ఎట్ల బోతది సార్?"

"వేయించింది ఆయనే కదా?"

"జాలీలు బిగిచ్చేదాక అని గద అన్నం. బిగిచ్చిండ్రా?"

"లేదు."

"మరి?"

క్యాంటీన్‌లో అందరూ వెర్రినమ్మకమని నవ్వుకున్నది ఇదా! కాయ కొట్టినవాళ్ళది నమ్మకం. నాది చదువు. ఇతనికి గుర్తున్నది ఆ రోజు అన్న మాట ఒక్కటే.

"గా రూపాయి లేకున్నా నేను పోకపోతుంటి సార్" అన్నాడు మెల్లగా. "సాయిలు తెగిన ఏళ్ళు నేనే ఏరి రుమాల్ల గట్టిన. దవాఖానల డాక్టరు ఇగ అతకయి, పారెయ్యమన్నడు. యాడ పారెయ్యాలె సార్? ఒకప్పుడు మా పొలం ఉన్న కాడ పాతిపెట్టి వచ్చిన. ఇప్పుడు ఆడ మీ కంపిని గోడ ఉన్నది. రోజు దాన్ని దాటి లోపలికొచ్చి అదే మిషను మీద ఎట్ల నిలబడాలె?"

అతని భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఈ సంగతి ఆమెకూ తెలియనట్టుంది.

"మీరు గూడ అంటుకున్నరు గద సార్" అన్నాడు పెంటయ్య. నిష్ఠూరంగా కాదు. మా ఇద్దరికీ ఒకే చిక్కు వచ్చిందన్నట్టు, నేనేం చేయబోతున్నానో తెలుసుకుందామన్నట్టు అడిగాడు. అప్పటికి నేను పనిలో చేరి రెండు రోజులైందని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. "పొద్దుపోతోంది" అని లేచాను. ఎండ ఇంకా నిటారుగానే ఉంది. సైకిలు స్టాండు తీయబోతే అతనే వచ్చి తీసిపెట్టాడు.

సోమవారం మొదటి సైరన్‌కు పది నిమిషాల ముందు ఆయన గేటు దగ్గర కనిపించాడు. డబ్బా ఇచ్చాను. తెరిచి, నాణేన్ని చేతిరుమాల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచున అవుసులాయన రుద్దిన గీత ఆయన కళ్ళకు ఆనలేదు.

"వచ్చాడాండీ మనవాడు?"

"రాలేదు."

"చెప్పానుగా!" అన్నాడు, డబ్బా జేబులో వేసుకుంటూ. "ఈ జనాన్ని మనం ఎంతని ఉద్ధరిస్తామండీ. పట్టుకుంటే వదలరు. మాటకు అర్థం తెలియదు. అంతేనంటారా గురువుగారూ?"

సైరన్ మొదలైంది. ప్రహరీ గోడ వారగా జనం లోపలికి పోతున్నారు.

"అంతేనండీ" అన్నాను నేను. అని, లోపలికి వెళ్ళి, స్టోర్సు తాళం తీసి, మూలనున్న జాలీల మీద ఒక గోనెపట్టా కప్పాను.